పదకొండు నిమిషాలు

హబ్సిగూడలో మా ఇంటి బట్టల గది
ఆదివారాలు నా తరగతి గది.
తలుపు దగ్గరకు వేసి, వేలాడే నేత చీరల మధ్య
పీట వేసుకు కూర్చుంటాను, ఫోను పెదాల దగ్గర.
గోడలైతే మాటను తిప్పికొడతాయి మేడమ్,
చీరలైతే దాచుకుంటాయి, అంది నిఖత్.

బయట మెట్రో పోతుంది.
ఆపుతాను.
పై వాటాలో మిక్సీ.
ఆపుతాను.
మళ్ళీ మొదటి నుంచి:
"గుట్ట మీద పొగ కనిపిస్తోంది. కాబట్టి..."

ఎన్ని వందల ఏళ్ళుగానో అదే గుట్ట, అదే పొగ.
చెప్పే చోటే మారింది,
సుద్దముక్క పొడి లోంచి
కలరా ఉండల వాసన లోకి.

పాఠం నలభై తొమ్మిది నిమిషాలు వచ్చింది.
నిఖత్ ల్యాప్‌టాప్‌లో ఒక్క మీట నొక్కింది.
ముప్పై ఎనిమిది అయింది.
"ఏం పోలేదు మేడమ్, ఖాళీలే పోయాయి."

తెర మీద నా గొంతు
నీలం గీతగా పాకుతోంది, ఎక్కడా తడబడకుండా.
"తెలుసుకోవడం అంటే" అన్నాక
నేనొక చోట ఆగాను, నాకు గుర్తుంది.
ఇరవయ్యేళ్ళుగా చెబుతున్న వాక్యమే.
ఆ రోజు మాత్రం
తర్వాతి మాట నిజంగానే తెలియలేదు.
అది లేదిప్పుడు.
నాకంటే బాగా తెలిసిన మనిషెవరో
నా గొంతుతో మాట్లాడుతోంది.

మాకు తర్కం చెప్పిన వరదాచారి సారు
ప్రశ్న వేసి కిటికీ వైపు తిరిగేవారు.
పావురం వచ్చి, వాలి, మెడ తిప్పి, వెళ్ళిపోయేది.
సారు తిరిగేవారు కాదు.
ముందు నవ్వుకునేవాళ్ళం.
తర్వాత విసుక్కునేవాళ్ళం.
ఆ తర్వాత, వేరే పనేమీ లేక,
ఆలోచించేవాళ్ళం.

నా మొదటి పాఠం విన్నది అరవై రెండు మంది.
ఐదోది పందొమ్మిది.
సగటున తొమ్మిదో నిమిషంలో వదిలేస్తారని
గ్రాఫు చెబుతుంది.
క్లాసులోనూ అంతేనేమో.
అక్కడ గ్రాఫు లేదు, మర్యాద ఉండేది.

ఒక్కరు మాత్రం ప్రతి పాఠమూ
చివరిదాకా, అదీ రాత్రి రెండింటికి.

మొన్న ఆ వేళకే ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.
బాలకిషన్, రెండో సంవత్సరం.
పేరు హాజరు పట్టీలో ఉంది,
ముఖం గుర్తు రాలేదు.
వెనక ఏదో మిషను మోత,
నిఖత్ వింటే తుడిచేసి ఉండేది.

"మేడం, గుట్ట మీద పొగ గనిపిస్తె
అగ్గి ఉన్నట్టే అన్నరు గద.
మా జీడిమెట్లల రోజూ పొగనే.
అగ్గి ఎవరిదని అడిగితె మాత్రం
పొద్దుగాల్ల డ్యూటీ ఉండది.
నిరుడు మా దోస్తు అడిగిండు.
గిది ఏ లెక్కల తప్పు మేడం?
తర్కంల దీనికి పేరున్నదా?"

అక్కడితో అయిపోలేదు.
మెసేజ్ ఇంకా నడుస్తోంది.
మిషను, ఎక్కడో కుక్క, ఒక ఊపిరి.
ఇరవై రెండు సెకన్లు.
"ఏం లేదు మేడం. ఉంట."

హేత్వాభాసాలు ఐదూ నాకు నోటికొచ్చు.
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
వంటింట్లో నిలబడి ఒక్కొక్కటీ
ఆ పొగ మీద పెట్టి చూశాను.
ఏదీ సరిపోలేదు.
పాలు పొంగిపోయాయి.

ఈ ఆదివారం ఆ మీట నొక్కొద్దన్నాను.
"వినేవాళ్ళు పోతారు మేడమ్."
పోతారు.
నిఖత్ కాసేపు గోరు కొరుక్కుంది.
"పోనీ హెచ్చుతగ్గులైనా సరిచేయనిస్తారా?"
సరే అన్నాను.

చీరల మధ్య కూర్చున్నాను.
పేరు చెప్పకుండా, ఊరు చెప్పకుండా
అతని ప్రశ్న అతని మాటల్లోనే చదివాను.
నాకు జవాబు తెలియదన్నాను.
ఇక కిటికీ వైపు తిరుగుదామంటే
ఆ గదికి కిటికీ లేదు.
ఒక చీర అంచు చూస్తూ ఉండిపోయాను.

మెట్రో వచ్చింది.
ఆపలేదు.